పెద్దది నీలం, చిన్నది మీగడ

మా మిద్దె మీద నుంచి నేనూ నా భార్యా చాలా ఏళ్లు ఒకే నక్షత్రాన్ని చూశాం. ఒకటంటున్నాను గాని అవి రెండు. మామూలు కంటికి ఒక్క చుక్కే. చిన్న దుర్భిణిలో చూస్తే పక్కపక్కన ఒక పెద్దది, ఒక చిన్నది. దాని పేరు కోర్ కరోలి. సప్తర్షుల తోక వంపుకు కొంచెం కింద ఉంటుంది. ఎండాకాలంలో చీకటి పడగానే దొరుకుతుంది.

దుర్భిణి కొన్నది కూతురి కోసం. అది బడికి పోయే రోజుల్లో జుమ్మెరాత్ బజార్‌లో పాత సామాన్ల మధ్య కనిపిస్తే తెచ్చాను. దానికి వారంలోపే మోజు తీరింది. మాకు తీరలేదు. గౌలిపురలో మాది మ్యాచింగ్ సెంటర్. చీరలు పట్టుకొచ్చిన ఆడవాళ్లకు వాటి రంగుకు సరిపోయే రవిక గుడ్డ కోసి ఇవ్వడం మా పని. పొద్దంతా రంగులే చూసేవాళ్లం. ఆదివారం దుకాణం బంద్. ఆ సాయంత్రాలు మిద్దె ఎక్కేవాళ్లం.

ఆమె మొదట వెతికింది అరుంధతిని. మా పెళ్లి పట్టపగలు జరిగింది. పంతులు వేలు చూపిన వైపు చూసి, కనపడ్డదని ఇద్దరం తల ఊపాం. ఆ లెక్క సరిచేయాలని ఆమెకు పట్టుదల.

"ఏమయ్యా, దొరికింది. రెండున్నయి. గిదే అరుంధతి," అంది.

నేను కన్ను పెట్టి చూశాను. "నువ్వు తోక కిందికి తిప్పినవ్. అరుంధతి తోకలనే ఉంటది. ఇది వేరేది."

"నాకు రెండు కనపడ్డయి. ఇగ ఇదే నాది. పంతులుకు నువ్వు చెప్పుకో."

అలా ఆ తప్పు నక్షత్రం మాదైంది. ఆమె వెంటనే రంగులు చెప్పింది. పెద్దది నీలం, చిన్నది మీగడ. నేనూ చూసి అవునన్నాను. మా ఇద్దరికీ రంగులో తేడా వచ్చేది కాదు. వస్తే దుకాణం నడవదు.

నాకు చదివే అలవాటుంది. ఆ నక్షత్రం గురించి దొరికినంత చదివాను. పెద్దదాని మీద సిలికాన్, పాదరసం, అంతకుముందు నేను పేరు కూడా వినని కొన్ని లోహాలు ఉండాల్సిన దానికన్నా చాలా ఎక్కువ ఉన్నాయట. లోపలంతా కాదు, పైపొరలోనే. బలమైన అయస్కాంత శక్తి వాటిని మచ్చలు మచ్చలుగా పట్టి ఉంచుతుందట. నక్షత్రం తన చుట్టూ తాను తిరుగుతున్నప్పుడు ఆ మచ్చలు ఒకసారి మన వైపుకు, ఒకసారి అవతలి వైపుకు వస్తాయి. అందువల్ల వెలుగు కాస్త పెరిగి, కాస్త తగ్గుతుంది. యంత్రానికి తెలుస్తుంది గాని కంటికి తెలియదు. ఇదంతా ఆమెకు చెప్పాను.

"అంటే ప్రింటు చీర అన్నట్టు," అంది. "తిరిగితె ఒకదిక్కు పూలు, ఒకదిక్కు సాదా."

అంతకన్నా బాగా నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

కొన్నేళ్ల తర్వాత ఒక ఆదివారం చూస్తే పెద్దదాంట్లో నీలం లేదు. రెండూ మీగడ రంగే. నాకు ఆశ్చర్యం కలగలేదు. మారే నక్షత్రమే గదా, మచ్చలు మన వైపు వచ్చాయేమో అనుకున్నాను. పక్క వారమూ అంతే. మరుసటి ఏడాదీ అంతే.

"చుక్క మారింది," అన్నాను.

ఆమె చూసింది. చాలాసేపు చూసింది. "చుక్క మారలే. నువ్వు మారినవ్. కండ్ల డాక్టర్ దగ్గరికి పోదాం పా."

"మారుతదని పుస్తకంల ఉంది."

"ఆ పుస్తకం గీ కండ్లతోనే సదివినవ్ గద."

నవ్వాను. కంటిలో శుక్లం పెరిగితే లోకం పసుపు తిరుగుతుందని, నీలాలు ఆకుపచ్చలోకి, ముదురు రంగులు నలుపులోకి పోతాయని తర్వాత తెలిసింది. మెల్లగా జరుగుతుంది గనుక ఆ మనిషికి తెలియదు. దుకాణంలో ఆమెకు అప్పటికే తెలుసు. నేను గుడ్డ తాను తీస్తుంటే పక్కకు వచ్చి నిలబడేది. "నువ్వు మీటర్ కొట్టు, రంగు నేను జూస్త," అనేది. గిరాకీ ముందు ఎప్పుడూ నా మాట కాదనలేదు. నేను తీసినదాన్ని పక్కన పెట్టి, ఇంకోటి అందుకుని, గడప దాకా తీసుకెళ్లి ఎండలో చూపించేది. ట్యూబ్‌లైటు కింద ఏ రంగునూ నమ్మొద్దని ఆమె అందరికీ చెప్పేది. చివరికి డాక్టరుకు చూపిస్తే రెండు కళ్లలోనూ శుక్లం, ఆపరేషన్ చేయాలన్నాడు. దాని గురించి ఆమె నాకు మళ్లీ మళ్లీ గుర్తు చేసింది. దసరా సీజన్ పోనీ, పెళ్లిళ్ల సీజన్ పోనీ అంటూ నేను జరిపాను.

ఆ దసరా అయ్యాక, చలి మొదలైన రోజుల్లో, ఆమె గుండె ఆగి పోయింది. సాయంత్రం చాయ్ పెడుతూ పడిపోయింది. దవాఖానకు చేరేసరికే లేదు.

మరునాడు పొద్దున ఇంట్లో ఆడవాళ్లు కొత్త చీర కావాలన్నారు. భర్త ఉండగా పోయిన మనిషిని కొత్త చీర కట్టి సాగనంపుతారు. దసరాకు కూతురు పెట్టిన నెమలికంఠం రంగు చీర ఇంకా కట్టకుండానే ఉంది. దానికి రవిక లేదు. పక్కింటామె తన దగ్గర ఒక గుడ్డ ఉందంది. వద్దన్నాను. మాది మ్యాచింగ్ సెంటర్. ఆమెకు బయటి గుడ్డ ఏమిటి?

చీర చంకలో పెట్టుకుని దుకాణానికి పోయాను. షట్టర్ సగమే ఎత్తి లోపలికి వంగి వెళ్లి లైటు వేశాను. నెమలికంఠం తాన్లు ఉండే అర నాకు తెలుసు. ఒకటి తీసి చీర మీద వేసి చూశాను. కలిసింది. కోసి తెచ్చాను. ఆడవాళ్లు చీర కట్టి, ఆ గుడ్డను ఆమె భుజాల మీదుగా కప్పారు. ఎవరూ ఏమీ అనలేదు. ఆమెకు చివరిగా నేను చేసిన పని అదొక్కటే. అది సరిగ్గా చేశానన్న ధైర్యం నాకు ఆ చలికాలమంతా ఉంది.

చలి తగ్గాక కూతురు నన్ను లాక్కెళ్లి ఎడమ కన్ను ఆపరేషన్ చేయించింది. ఆమె ఉండేది పక్కనే ఉప్పుగూడలో. రోజూ వచ్చి కంట్లో చుక్కలు వేసి పోయేది. ఎండాకాలం రాగానే మిద్దె ఎక్కాను. ఎడమ కన్ను పెట్టాను. పెద్దది నీలం, చిన్నది మీగడ. చుక్క మారలేదు. నువ్వే కరెక్టని చెప్పడానికి వెనక్కి తిరిగాను. నీళ్ల ట్యాంకు, ఆరేసిన బట్టలు, అంతే.

సంవత్సరీకానికి కూతురు అలమార సర్దింది. చీరల కింద ఒక చిన్న మడత కనిపించిందని తెచ్చి నా చేతిలో పెట్టింది. నెమలికంఠం చీరతో పాటు వచ్చిన రవిక గుడ్డ. చీర చేతికి రాగానే కత్తిరించి, దర్జీకి ఇవ్వాలని దాచుకున్నట్టుంది. నాకు తెలియదు.

దాన్ని దుకాణానికి తీసుకెళ్లాను. ఆనాడు నేను గుడ్డ కోసిన తాను ఇంకా అదే అరలో ఉంది. రెంటినీ గడప దగ్గరికి తెచ్చి ఎండలో పెట్టాను. చీరతో వచ్చిన గుడ్డ నీలం మెరుస్తున్న నెమలికంఠం. నేను కోసిన తాను సీసా పచ్చ. పక్కపక్కన పెడితే పసిపిల్లలైనా వేరు చేస్తారు. ఎవరో అరలు మార్చి పెట్టి ఉంటారు. నేనే పెట్టానేమో.

ఎడమ కన్ను మూశాను. కుడి కంటికి రెండూ ఒకటే రంగు.

కూతురు సాయంత్రం వచ్చింది. అడిగాను.

"ఆనాడు నీకు కనపడ్డదా?"

ఏ సంగతో చెప్పాల్సిన అవసరం రాలేదు. "కనపడ్డది బాపు."

"చెప్పలేదేంది మరి?"

"ఏమని చెప్పాలె? పెద్దమ్మ నోరు తెరవబోతే నేనే చెయ్యి పట్టుకున్న. బాపు తన చేత్తో తెచ్చిండు, ఉండనీ అన్న."

మళ్లీ తనే అంది. "అమ్మ గిట్ట చూస్తే మస్తు నవ్వేది. ఊరంతటికి మ్యాచింగ్ ఇచ్చి ఇంటికి పచ్చది పట్టుకొచ్చిండు అనేది."

అనేది. నిజమే. నేను కూడా నవ్వడానికి ప్రయత్నించాను.

కుడి కన్ను కూడా చేయించమని డాక్టరు అప్పటికే చెప్పి ఉన్నాడు. కూతురు తేదీ అడిగినప్పుడల్లా ఏదో ఒకటి చెప్పి తప్పించుకున్నాను. కారణం చెప్పలేదు. చెబితే నవ్వులాటగా ఉంటుంది, లేదా జాలిగా ఉంటుంది. ఆ కన్ను అలా ఉన్నంతవరకు నా భార్య సరిపోయిన రవికతోనే వెళ్లింది. రోజుకోసారి ఆ రవిక గుడ్డనూ, ఆ పచ్చ తానునూ పక్కపక్కన పరిచి ఎడమ కన్ను మూసేవాణ్ని. అబద్ధమని తెలుసు. తెలిసే చూశాను. దుకాణంలో ఒంటి కన్ను మూసి రంగులు చూస్తుంటే ఒక ముసలి బేగం అడిగింది కూడా. "క్యా భాయ్, నిషానా లగారే క్యా?" బందూకు గురి చూస్తున్నట్టు ఉన్నానని ఆమె హాస్యం. "హా అమ్మా," అన్నాను.

ఈ ఎండాకాలం గుడ్డలు పరిస్తే కుడి కంటికి అవి కలవడం లేదు. అలాగని విడిపోవడమూ లేదు. రెండూ మసకలో ముద్దగా, రంగే లేకుండా ఉన్నాయి. తువ్వాలు పక్కన పెట్టి చూశాను. అదీ అంతే. ఆ కన్ను నా కోసం ఏమీ దాచి ఉంచడం లేదు, ఊరికే ఆరిపోతోంది.

ఆ ఆదివారం చీకటి పడ్డాక దుర్భిణి పెట్టి కుడి కంటితో చూశాను. పెద్దది ఒక్కటే ఉంది. చిన్నది కనిపించలేదు. సర్ది చూశాను, అద్దం తుడిచి చూశాను. లేదు. ఎడమ కంటికి రెండూ ఎప్పటిలాగే ఉన్నాయి. దీన్ని దేనితోనూ పోల్చడం నాకిష్టం లేదు. కంటిలో పొర దళసరి అయితే సన్నని వెలుగు లోపలికి రాదు. జరిగింది అంతే. కాని నేను మెట్ల మీద చాలాసేపు కూర్చుండిపోయాను.

కిందికి వచ్చి కూతురికి ఫోన్ చేశాను. "తేదీ తీస్కో బిడ్డా," అన్నాను.

"ఏ కన్నో యాదికుందా బాపు?" అని ఎగతాళి చేసింది. 

ఆపరేషన్‌కు ముందు నర్సు కుడి కనుబొమ్మ మీద చిన్న పట్టీ అంటించి, ఏ కన్నని అడిగింది. కుడిదన్నాను. మరునాడు కట్టు విప్పినప్పుడు కూతురు నా ఎదురుగా స్టూలు మీద కూర్చుని ఉంది. ఆమె కట్టుకున్న చీర రంగూ తెలిసింది, రవిక రంగూ తెలిసింది. ఒక్కో కన్నూ మూసి చూశాను. రెండు కళ్లకూ అవే రంగులు. ఇక ఆ రెండు గుడ్డలనూ ఒకటిగా చూపే కన్ను లేదు.

"ఎట్ల కనపడుతుంది బాపు?"

"సక్కగనే కనపడుతున్నయి బిడ్డా," అన్నాను. "అన్నీ."

ఆమె స్టూలు మీంచి లేచింది. నా చేయి పట్టుకుని మెట్లు దింపింది.