గోడకు అతికించిన గాజు పలకలు

మీ అమ్మ మైకు ముందు నిలబడితే ఎదుటివాళ్ళు హడలిపోతారని మొన్న నవ్వుతూ అన్నావు. అలా నిలబడటం ఎక్కడ నేర్చుకుందో చెబుతాను, రాసుకో. కొండాపూర్‌లో, మా అద్దె ఇంటి గోడ దగ్గర.

అప్పటికి హైటెక్ సిటీలో ఆ గుండ్రటి భవనం ఒకటే లేచింది. చుట్టూ గుట్టలే. మా పెరటి వెనక గుట్టను ఒక కాంట్రాక్టరు రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకు పేల్పించేవాడు. ముందు ఈల, తరవాత ఎర్రజెండా, ఆ తరవాత భూమిని కింద నుంచి ఎవరో తన్నినట్టు ఒక దెబ్బ. అటక మీద గిన్నెలు దబదబా పడేవి. కిటికీ అద్దాలు రెండుసార్లు పగిలాయి. అంతా ఆగాక కూడా నా దవడలు వణుకుతూనే ఉండేవి. లోపలా బయటా గోడలన్నీ పగుళ్ళు. మీ తాతయ్య ఆఫీసు క్యాంపులంటూ ఊళ్ళు తిరిగేవారు. పగలంతా ఆ ఇంట్లో నేనొక్కదాన్నే.

మీ అమ్మ అప్పుడు సివిల్ ఇంజనీరింగ్ మూడో ఏడు. కాలేజీల్లో సింపోజియంలు జరిగేవి. పిల్లలు పేపర్లు రాసుకెళ్ళి చదివేవాళ్ళు, పెద్దవాళ్ళు కూర్చుని ప్రశ్నలు వేసేవాళ్ళు. పేలుళ్ళ వల్ల ఇళ్ళకు జరిగే నష్టం మీద మీ అమ్మ లైబ్రరీ పుస్తకాల్లోంచి ఎత్తి పదిహేను పేజీలు రాసింది. తలెత్తకుండా చదివిందట. జడ్జీగా వచ్చిన ఒక ముసలి ప్రొఫెసరు, పగిలిన గోడ మీద ఎప్పుడైనా చెయ్యి పెట్టి చూశావా అని అడిగారట. హాలంతా నవ్వారు. ఇంటికొచ్చి ఆ ఫైలును గోడకేసి కొట్టింది. అట్టలు ఊడి కాగితాలు ఇల్లంతా పడ్డాయి. దెబ్బ సరిగ్గా పగులు మీద తగిలి అరచెయ్యంత పెచ్చు ఊడింది. ఏడుస్తూనే అందులో వేలు పెట్టి చూసింది.

మర్నాడు కాలేజీ ల్యాబులోంచి పలచటి గాజు పలకలు తెచ్చింది, మైక్రోస్కోపు కింద పెట్టేవి. ఒక్కో పగులుకు అడ్డంగా ఒక్కోటి పెట్టి, రెండు చివరలా సిమెంటుతో అతికించింది. పగులు వెంట్రుకంత కదిలినా గాజు విరుగుతుందట. మొత్తం తొమ్మిది. విరిగినదాని చోట మర్నాడే కొత్తది పెట్టేది. తను కాలేజీలో ఉండే వేళ చూడాల్సింది నేను. ఏ పలక విరిగిందో క్యాలెండరులో ఆ రోజు గడిలో రాసేదాన్ని. గుట్టలో బెజ్జాలు తొలిచే కూలీ ఒకతను మంచినీళ్ళకు మా పెరటి కుళాయి దగ్గరకు వచ్చేవాడు. ఎన్ని బెజ్జాల్లో మందు కూరారో అతణ్ణి అడిగి అదీ రాసేదాన్ని.

రెండో సింపోజియంలో మీ అమ్మ కాగితం చూడలేదట. మాట తడబడింది గానీ తల దించలేదు. ఆ ప్రొఫెసరే మళ్ళీ వచ్చారు. నెల రోజుల లెక్క చాలదు, మూడు నెలలు చూసి యూనివర్సిటీలో జరిగే పెద్ద సింపోజియానికి రా, గోడ ఫోటోలు కూడా పట్రా అన్నారు. అక్కడికి కంపెనీల ఇంజనీర్లు వస్తారు. వాళ్ళ ముందు నిలబడగలిగితే తనకొక దారి దొరుకుతుందని మీ అమ్మ నమ్మింది. అన్నం తింటూ కూడా ప్రశ్నలూ జవాబులూ గొణుక్కునేది.

ఆ సభకు వారం ముందు కాంట్రాక్టరు తాలూకు సూపర్వైజరు మా గుమ్మంలోకి వచ్చి నమస్కారం పెట్టాడు.

"గోడలు మస్తు ఖరాబైనయ్ అమ్మా. మావోళ్ళతోని సాఫ్ చేయించి సున్నం కొట్టిస్త. మీరేం ఫికర్ చేయకుండ్రి."

శ్రావణ మాసం. పేరంటానికి పదిమందిని పిలిచి ఉన్నాను. ఆ బీటల మధ్య వాళ్ళను ఎలా కూర్చోబెట్టాలా అని కుమిలిపోతున్నాను. సరే బాబూ అన్నాను. పైగా పనివాళ్ళకు మజ్జిగ ఇచ్చాను. నేను వంటింట్లో ఉండగా ఉలీ సుత్తీ పెట్టి తొమ్మిది పలకలూ కొట్టేశారు. పగుళ్ళు పూడ్చి సున్నం వేశారు. సాయంత్రానికి గోడలు పాలలా ఉన్నాయి. ఆదివారం ఫోటోలు తీద్దామని మీ అమ్మ అప్పటికే ఒక స్నేహితురాలి దగ్గర కెమెరా అడిగి పెట్టుకుంది.

వచ్చి చూసింది. చేతికందిన స్టీలు గిన్నె నా కాళ్ళ దగ్గర విసిరికొట్టింది.

"నీ పేరంటం కోసం నన్ను చంపేశావే అమ్మా."

చెంప మీద కొట్టాను. పన్ను గుచ్చుకుని పెదవి చిట్లింది. రక్తం తుడుచుకోలేదు, నన్నే చూస్తూ నిలబడింది. మళ్ళీ చెయ్యెత్తాను. ఎత్తిన చెయ్యి దించుకున్నాను. ఇక సభకు వెళ్ళనంది. తెల్లటి గోడను పెట్టుకుని పగుళ్ళంటే ఎవరు నమ్ముతారంది.

మర్నాడు కాలేజీకి వెళ్ళలేదు. ఒంటిగంట ఇంకా కాలేదు. ఈల లేదు, జెండా లేదు. ఆ కూలీ కుళాయి కింద దోసిలి పట్టి ఉన్నాడు. పేలింది. గాల్లో రాళ్ళు బుయ్యిమంటూ వచ్చాయి. ఒకటి వంటింటి రేకును చీల్చింది. ఇంకొకటి, కొబ్బరికాయంతది, అతని ముంజేతిని విరిచి పెరటి వైపు ఇంటి గోడకు కొట్టుకుంది. ఎముక బయటికి వచ్చింది. కొత్త సున్నం మీద మనిషెత్తున రక్తం చిమ్మింది. పూడ్చిన పగులు అక్కడే నోరు తెరిచింది.

మీ అమ్మ చున్నీతో కట్టు కడుతుంటే అతను పళ్ళు బిగబట్టి నా వైపు చూశాడు.

"ఇయ్యాల ఇరవై రెండు పెట్టిండ్రు అమ్మా. రాస్కోండ్రి."

ఆటో ఎక్కించి పంపామో లేదో సూపర్వైజరు వచ్చాడు. మనిషి ఏమయ్యాడని అడగలేదు, తిన్నగా రాయిని ఎత్తబోయాడు. మీ అమ్మ దాన్ని రెండు చేతులా కరుచుకుంది. జుట్టు పట్టి గోడకేసి కొట్టాడు. అయినా వదల్లేదు. నేను వంటింట్లోంచి పచ్చడిబండ తెచ్చి అతని మణికట్టు మీద వేశాను. ఏదో విరిగిన చప్పుడైంది. బండ మాత్రం కాదు. మీ సంగతి చూస్తానంటూ చెయ్యి పొట్టకు అదుముకుని పోయాడు. మీ అమ్మ నుదుటి నుంచి రక్తం కారుతోంది. రాయి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, సభ ఎన్ని గంటలకో చెప్పింది నాకు. నన్నూ రమ్మంది.

వెళ్ళాను. నుదుటి మీద పట్టీ, పెదవి మీద నేను చేసిన పొక్కు. బల్ల మీద రాయి పెట్టింది. నా క్యాలెండరు కాగితాలు తెరమీద చూపించి, బెజ్జాలు పెరిగిన రోజుల్లో ఎన్ని పలకలు విరిగాయో ఒక్కొక్కటీ చెప్పింది. ముందు వరసలోంచి ఆ కాంట్రాక్టరు కంపెనీ ఇంజనీరు లేచాడు. ఆ ఇంటిని వారం కిందట తనే వెళ్ళి బయటి నుంచి చూశాడట, ఈ అమ్మాయి చెప్పే గోడ మీద ఒక్క పగులూ లేదట, తెల్లగా ఉందట.

"పగుళ్ళు లేని గోడకు మీవాళ్ళు సున్నం ఎందుకు వేశారు సార్?"

గొంతు పెంచలేదు. ఈ లెక్కలు ఎవరు రాశారని ప్రొఫెసరు అడిగారు.

"మా అమ్మ. బెజ్జాలు లెక్కపెట్టినాయన చెయ్యి విరిగి ఆస్పత్రిలో ఉన్నారు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. మొదటి బహుమతి వేరే అబ్బాయికి పోయింది. కానీ సెలవుల్లో భూమి అదురు కొలిచే యంత్రంతో తన దగ్గర పని చెయ్యమని ప్రొఫెసరు మీ అమ్మను పిలిచారు. ఇవాళ్టికీ తను చేసేది ఆ పనే. ఆ కూలీ చెయ్యి మాత్రం వంకరగానే అతుక్కుంది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో, పెదవి ఇంకా నొప్పిగా ఉందా అని అడిగాను. సంచిలోంచి కొత్త గాజు పలకల డబ్బా తీసి నా ఒళ్ళో పెట్టింది. మర్నాడు ఒంటిగంటకు ఈల వినపడింది. గిన్నెలు పడ్డాయి. నేను వాటిని ఎత్తకుండా ముందు గోడ దగ్గరకు వెళ్ళాను.