నాలుగో నంబరు రాయి

నంద్యాలలో జిల్లా సైన్స్ ఫెయిర్ అని సర్క్యులర్ వచ్చిందంటే చాలు, నాకు పిల్లల మీద అనుమానం మొదలవుతుంది. ఇరవై ఏళ్ళుగా ఆళ్ళగడ్డ చుట్టుపక్కల హైస్కూళ్ళలో భౌతికశాస్త్రం చెబుతున్నాను. దుకాణంలో కొనుక్కొచ్చిన అగ్నిపర్వతాలు ఎన్ని చూశానో లెక్కలేదు. థర్మోకోల్ మీద రంగు ఇంకా చేతికి అంటుతూనే ఉంటుంది, "నేనే చేసినా సార్" అంటారు. అడుగున తిప్పి చూస్తే అంగడివాడి చీటీ అలాగే అతుక్కుని ఉంటుంది. ఇది ఎలా పనిచేస్తుందని అడిగితే "మా మామ వచ్చినాక చెప్తా సార్" అన్నవాళ్ళూ ఉన్నారు.

ఇంట్లోనూ నా పద్ధతి ఇదే. పాలు పోయించుకోగానే గోటి మీద చుక్క వేసి చూస్తాను. కూరగాయలు తూస్తుంటే తూకం సున్నా దగ్గర మొదలైందో లేదో వంగి చూస్తాను. "మీరు పోలీసుల్లో చేరాల్సినోళ్ళు, దారి తప్పి బడికొచ్చినారు" అంటుంది నా భార్య. నేను దాన్ని మెచ్చుకోలుగానే తీసుకునేవాణ్ణి.

పోయిన సంవత్సరం తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె ఫెయిర్‌కు పేరిస్తానని వచ్చింది. సన్నగా, మాట పెళుసుగా ఉండే పిల్ల. వాళ్ళ నాయన శిల్పి. రోడ్డు పక్కన రేకుల షెడ్డులో దేవుళ్ళ విగ్రహాలు చెక్కుతాడు. ఆళ్ళగడ్డలో అలాంటి షెడ్లకు కొదవ లేదు.

"సార్, మా ఇంట్లో బండల మీద నిమ్మరసం పడినచోట తెల్లగా పోతాంది. మా నాయన చేసే దేవుళ్ళకు నిమ్మరసం, పెరుగు అన్నీ పోసి అభిషేకం చేస్తారు గదా. ఆడ ఎందుకు పోదు?" అంది.

ప్రశ్న నాకు నచ్చింది. నచ్చింది కాబట్టే అనుమానమొచ్చింది.

"ఎవరు చెప్పినారు నీకు ఇది?"

"ఎవరూ చెప్పలే సార్. మా యమ్మ బొరుగుల ఉగ్గానిలోకి నిమ్మకాయ పిండుతాంటే చూస్తి."

ప్రయోగం ఆమే చెప్పింది. నాలుగు రకాల రాళ్ళు, అగ్గిపెట్టె అంత ముక్కలు, వాళ్ళ నాయన కోసిస్తాడు. ఒకటో నంబరు ఇళ్ళలో పరిచే నాపరాయి, రెండోది పాలరాయి, మూడోది గ్రానైట్, నాలుగోది విగ్రహాలకు వాడే నల్లరాయి. పొద్దున బడికి రాగానే నాలుగింటినీ లాబ్‌లో నిమ్మరసం పోసిన గాజు సీసాల్లో వేస్తుంది. సాయంత్రం తీసి, కడిగి, తుడిచి, తూకం వేస్తుంది. ఏ రాయి ఎంత కరిగిందో పది రోజులు రాసుకుంటుంది. మా బడి త్రాసు ఎప్పుడో మూలపడింది కదా, యాడ తూకమేస్తావని అడిగితే, ఇంటికి పోయే దారిలో బంగారం అంగట్లో అంది.

మూడో రోజు నేను ఆ అంగడికి వెళ్ళాను. కొనడానికి కాదు. నిజంగా అక్కడికి వస్తోందో లేదో కనుక్కోవడానికి.

"ఆ పాపనా సార్? దినామూ సాయంత్రం వస్తాది. రాళ్ళను బంగారం మాదిరి పట్టుకొని తూకం ఏపిచ్చుకుంటాది. నాకే నవ్వొస్తాది" అన్నాడు అంగడాయన.

"అంకెలు పాపే చూసి రాసుకుంటాదా, మీరు చెప్తారా?"

ఆయన నన్ను కిందికీ పైకీ చూశాడు. "ఏంది సార్, బడిలో ఏమన్నా పోయిందా?" అన్నాడు. నేను ఏదో చెప్పి బయటపడ్డాను.

ఇంతటితో ఆగిపోయి ఉంటే నేను మామూలు అనుమానప్పక్షిగానే మిగిలిపోయేవాణ్ణి. కానీ ఆరో రోజు ఉదయం ఆమె నోటు పుస్తకం తిరగేశాను. నాపరాయి, పాలరాయి రోజురోజుకీ తగ్గుతున్నాయి. గ్రానైట్ కాస్త అటూ ఇటూ ఊగుతోంది. నాలుగో రాయి మాత్రం ఐదు రోజులూ ఒకే బరువు. ఆఖరి అంకె వరకు రవ్వంత తేడా లేదు. తడి ఆరకపోతే పెరగాలి, చేయి జారి అంచు విరిగితే తగ్గాలి. ఏ మార్పూ లేకపోవడమేమిటి? తూకం వేసే పని లేకుండా మొదటి అంకెనే ఐదుసార్లు దించి రాసిందని నాకు గట్టిగా అనిపించింది. అలాంటి పిల్లను నా చేతులతో నంద్యాలకు తీసుకుపోతే, రేపు అక్కడ ఎవరైనా నిలదీస్తే నా పరువు గంగలో కలిసినట్టే కదా.

అడగొచ్చు. "ఈరోజు నా కళ్ళ ముందు తూకం వెయ్యమ్మా" అంటే ఒక్క మాటతో పోయేది. నాకు ఆ ఆలోచనే రాలేదు. దొంగను పట్టుకోవాలంటే దొంగకు తెలియకుండా పట్టుకోవాలని నా బుద్ధి చెప్పింది.

మా వంటగట్టుకు వేయగా మిగిలిన నల్ల కడపరాయి ముక్క ఒకటి పెరట్లో పడి ఉండేది. అదీ నాపరాయి జాతే, రంగు ఒక్కటే నలుపు. పులుపు తగిలితే కరుగుతుంది. కానీ బాగా రుద్ది, కాస్త నూనె రాస్తే చూపుకు విగ్రహాల నల్లరాయికీ దానికీ పెద్ద తేడా తెలియదు. మధ్యాహ్నం బెల్లులో పిల్లలు అన్నానికి పోయినప్పుడు ఆమె నాలుగో రాయిని సీసాలోంచి తీసి, తుడిచి, నేను కొత్తగా తెప్పించుకున్న చిన్న తూకం యంత్రం మీద పెట్టి బరువు చూసుకున్నాను. మా ఇంటి ముక్కను బండలు కోసేవాడి దగ్గర అదే కొలతకు కోయించాను. రెండు సాయంత్రాలు పెరట్లో గరుకు సిమెంటు మీద రుద్ది రుద్ది అదే బరువుకు తెచ్చాను. ఒక మూల తెల్ల పెయింటుతో ఆమె రాసినట్టే నాలుగు అని రాశాను. పైన కొబ్బరినూనె పట్టించాను. పిల్ల చేసిన ప్రయోగం కంటే నా మోసానికే ఎక్కువ శ్రమ పట్టింది. "ఏం చేస్తాండారు మీరు?" అని నా భార్య అడిగితే "బడి పని" అన్నాను.

ఆ మర్నాడు మధ్యాహ్నం రాయి మార్చేశాను.

నా లెక్క సులభం. పిల్ల నిజంగా తూకం వేస్తుంటే నాలుగో రాయి ఆ రోజు తగ్గాలి. వేయకుండా రాస్తుంటే పాత అంకె వస్తుంది, పట్టుబడిపోతుంది.

తర్వాతి ఉదయం నోటు పుస్తకం నా బల్ల మీద పెట్టింది. నాలుగో రాయి బరువు తగ్గినట్టు రాసి ఉంది. పక్కనే చిన్న అక్షరాలతో: "రసం మీద నూనె తేలింది. సన్న బుడగలు వచ్చినాయి. ఎందుకో తెలియదు."

నేను మోసపోలేదన్న సంతోషంతో ఆ పిల్ల వైపు నవ్వాను కూడా. ఆమె నవ్వలేదు. "సార్, నిన్నటిదాకా బాగుండె గదా. ఇప్పుడెందుకు కరుగుతాంది?" అంది. అప్పుడే చెప్పాలి. "రాసుకుంటా పో, చూద్దాం" అన్నాను.

అసలు రాయిని తిరిగి పెట్టేద్దామని ఆ మధ్యాహ్నం సొరుగు తెరిచి, మళ్ళీ మూసేశాను. తగ్గిన రాయి బరువు మర్నాటికి పెరగదు. పెట్టినా పట్టుబడతాను, పెట్టకపోయినా పట్టుబడతాను. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ నాలుగు రోజులు గడిపేశాను. ఆ నాలుగు రోజులూ ఆ పిల్ల ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. పేరు నంద్యాలకు పంపాం కదా, భయపడుతోంది కాబోలు అనుకున్నాను. అనవసరమైన వాటినన్నింటినీ అనుమానించే నేను దాన్ని మాత్రం అనుమానించలేదు.

నంద్యాలలో పెద్ద హాలు, వరసగా బల్లలు. మా బల్ల చుట్టూ గాలికి తిరిగేవి, లైట్లు వెలిగేవి, మాట్లాడేవి. మా దాని మీద నాలుగు రాళ్ళు, నాలుగు సీసాలు, ఒక నోటు పుస్తకం. మార్కులేయడానికి వచ్చిన ముగ్గురిలో ఒకాయన ఓపిగ్గా పుస్తకం చదివి, నాలుగో రాయి దగ్గర వేలు పెట్టాడు.

"ఇదేమమ్మా? ఏడు రోజులు మార్పు లేదు, ఎనిమిదో రోజు నుంచి కరిగింది. ఒకే రాయి రెండు రకాలుగా ఎట్లుంటుంది?"

ఆమె తల వంచుకుని చెప్పింది. "పైన నూనె పట్టించి ఉంటారు సార్. నూనె ఉన్నంత సేపు రసం లోపలికి పోలే. నూనె పోయినాక కరిగింది. అది విగ్రహం రాయి గాదు. నాపరాయే."

"రాయి ఎవరిచ్చినారు?"

ఆమె సీసాలు సర్దింది. ఆయన ఇంకోసారి అడిగాడు. "మా నాయన" అంది.

"అయితే మీ నాయననే అడుగు" అని ఆయన నవ్వి పక్క బల్లకు వెళ్ళాడు. నేను ఆమె వెనకే నిలబడి ఉన్నాను. నోరు విప్పితే చాలు. విప్పలేదు.

సాయంత్రం ఆళ్ళగడ్డ బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుంది, డబ్బా ఒళ్ళో పెట్టుకుని. ప్రైజు రాలేదని బాధపడుతోందనుకుని ఓదార్చబోయాను.

"దానికి గాదు సార్" అంది. బస్సు ఊరు దాటాక తనే మొదలుపెట్టింది. "మా నాయనను అడిగితి సార్. నువ్వు దేవుళ్ళకు నాపరాయి వాడి పైన నూనె పట్టిస్తాండావా అని. ఆ పొద్దు పాములపాడు నుంచి నలుగురు వచ్చి షెడ్డులో కూచోనుండ్రి. ఆంజనేయస్వామి విగ్రహం చేయమని చెప్పను వచ్చినారు. నా మాట ఇని లేసినారు. మళ్ళొస్తాం అని పోయినారు, రాలే. మా నాయన నన్ను కొట్టలే, తిట్టలే. అప్పట్నుంచి నాతో మాట్లాడ్డంలే."

బస్సు శిరివెళ్ళలో ఆగింది. దిగేవాళ్ళు దిగారు, ఎక్కేవాళ్ళు ఎక్కారు. నా అనుమానం ఒక పిల్లతో ఆగిందనుకున్నాను. అది ఆ పిల్ల ఇంట్లోకి పోయి కూర్చుంది.

"ఆ రాయి మీ నాయన ఇచ్చింది కాదమ్మా. నేను మార్చినాను" అన్నాను.

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. "ఏందీ సార్?"

"ఎనిమిదో రోజు మధ్యాహ్నం. మీ రాయి తీసి మా ఇంటి కడపరాయి పెట్టినాను."

"నూనె?"

"నేనే రాసినాను."

"ఎందుకు సార్?"

"నువ్వు తూకం వేయకుండా అంకెలు కల్పించి రాస్తున్నావేమో అని."

చాలాసేపు నన్నే చూసింది. ఆ చూపు తిట్టులా ఉంటే నాకు తేలికగా ఉండేది. ఆమె నన్ను ఇప్పుడే కొత్తగా చూస్తున్నట్టు చూసింది.

"దినామూ బడి గోడ మీద ఎండలో ఆరబెట్టి, బట్టతో తుడిచి, మళ్ళీ తుడిచి తూకం ఏపిస్తుంటి సార్. అందుకే తేడా రాలే" అంది. ఆ తర్వాత, "మా నాయనను దొంగ అంటి గదా సార్ నేను" అంది. కిటికీ ఊచకు తల ఆనించి ఏడ్చింది. నా చేయి ఆమె తల దాకా పోయి ఆగిపోయింది. ముట్టుకునే అర్హత నాకుందనిపించలేదు.

బస్సు దిగి ఇద్దరం నేరుగా షెడ్డుకే వెళ్ళాం. వాళ్ళ నాయన ఒక ద్వారపాలకుడి మోకాలి దగ్గర చెక్కుతున్నాడు. నేను నిలబడే అంతా చెప్పాను, ఏదీ దాచకుండా. ఆయన ఉలి కింద పెట్టి, పిల్ల డబ్బాలోంచి నాలుగో నంబరు ముక్క తీసుకుని సుత్తితో మెల్లగా తట్టాడు.

"నాపరాయి. సప్పుడే చెప్తాంది" అన్నాడు.

"మరి పాప అడిగిన రోజే రాయి తెప్పించి చూసింటే తెలిసేది కదప్పా" అన్నాను. నేరం కాస్తయినా పంచుకుందామన్న చవకబారు ఆశ అది.

"నా బిడ్డ నన్ను ఆ మాట అడిగినాక, రాయి చూపిచ్చి జవాబు చెప్పాల్నా సార్?" అన్నాడాయన.

పిల్ల వెళ్ళి ఆయన పక్కన రాతిపొడిలో కూర్చుంది. ఆయన ఆమె వైపు చూడకుండానే "అన్నం తిన్యావా?" అని అడిగాడు. నేను చెప్పులేసుకుని బయటికొచ్చాను.

ఆ ఆదివారం పాములపాడు వెళ్ళాను. ఆ నలుగురిలో ఇద్దరు దొరికారు. జరిగింది చెప్పాను, తప్పు నాదన్నాను, అసలు రాయి ముక్క చేతిలో పెట్టి చూపించాను. మర్యాదగా విన్నారు, టీ తాగించారు. విగ్రహం వేరే షెడ్డులో చెప్పేశామన్నారు. పెద్దాయన నన్ను బస్సు దాకా సాగనంపుతూ, "ఆ శిల్పి మీకు బంధువులా సార్?" అని అడిగాడు. ఆయన పంపితే వచ్చి అబద్ధం చెబుతున్నానని అనుకుంటున్నారు. ఆ చూపు నాకు బాగా తెలుసు. ఇరవై ఏళ్ళుగా పిల్లల మీద నేను వాడిన చూపే.

ఇప్పుడామె పదో తరగతి. ఈ ఏడు కూడా సర్క్యులర్ వచ్చింది. ఆమె రాదనుకున్నాను. వచ్చింది. వానకు, ఎండకు ఏ రాయి ఎట్ల పగులుతుందో చూస్తానంది. ఫారం నింపి నా సంతకం కోసం బల్ల మీద పెట్టింది. నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది. నా అంతట నేనే లేచి లాబ్‌లో పై అర ఖాళీ చేయించి, "రాళ్ళు ఈడ పెట్టుకోమ్మా, ఎవరూ ముట్టుకోరు" అన్నాను.

ఆమె అర వైపు చూసింది. కోపం లేదు, ఎత్తిపొడుపూ లేదు.

"వద్దు సార్. ఇంట్లో పెట్టుకుంటా. మా నాయన చూసుకుంటాడు" అంది.

నేను సంతకం పెట్టి ఫారం ఇచ్చేశాను.