ఒకే కీబోర్డు మీద నేనూ వదినా

మొన్న పొద్దున మా మేనకోడలికి ల్యాప్‌టాప్ మీద ఏవో కీలు ఒకేసారి తగిలి తెరంతా నల్లబడిపోయిందట, పేరు అడుగుతూ ఒక్క తెల్లగీత మాత్రం మిణుకుమంటోందట, ఆఫీసు పనంతా పోయిందని లబోదిబోమంటూ నా గదిలోకి పరుగెత్తుకొచ్చింది. నేను వేరే కీలు నొక్కి దాని పని దానికి తిరిగి చూపించాను గానీ, ఆ నల్లటి తెర చూడగానే నా అరచేతులకు పట్టిన చెమట చాలాసేపు ఆరలేదు. గదికొక్క కంప్యూటరు ఉన్న రోజుల్లో వంతు కోసం కాచుకుని చదువుకున్నవాళ్లకు ఆ చెమట సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

మాది నాందేడ్ జిల్లాలోని కుండల్‌వాడి. పెళ్లయ్యాక అన్నయ్య నాందేడ్‌లో, మొండా బజారు దగ్గర ధాన్యం దుకాణం పెట్టుకుంటే, నేను వాళ్లింట్లోనే ఉండి ఇంజనీరింగ్ చదివేదాన్ని. పెళ్లితో ఆగిపోయిన చదువును వదిన మళ్లీ అందుకోవడంతో, నాకంటే పెద్దదైన ఆవిడ వచ్చి నా తరగతిలోనే కూర్చుంది. అమ్మకు అది మొదటినుంచీ ఇష్టం లేదు. చివరి ఏడాది సగంలో ఒకసారి ప్రాజెక్టు చూపించాల్సిన సమయానికి వదినకు టైఫాయిడ్ వచ్చి పరీక్ష తప్పింది. ఏడాది చివర రెండోసారీ తప్పితే చదువు చాలించి ఇంటిపట్టున ఉండాలని అమ్మ ఊరినుంచి వచ్చి మరీ చెప్పి వెళ్లింది. అన్నయ్య అడ్డు చెప్పలేదు. ఆ రోజునుంచి వదినకు అన్నం సయించేది కాదు.

మా ల్యాబులో యూనిక్స్‌ను పోలిన చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ ఒకటుండేది. విద్యార్థులు లోపలి కోడ్ విప్పి చూసి నేర్చుకోవడానికి రాసినది. అది నడిచే కంప్యూటరు ఒక్కటే, దాన్ని మా ఇద్దరికీ కలిపి పొద్దున పూట ఇచ్చారు. నేను కంపైల్, అంటే రాసిన కోడ్‌ను మెషీను భాషలోకి మార్చడం, మొదలుపెట్టానంటే అది పూర్తయ్యేదాకా తెర దానిదే. వదిన పక్క కుర్చీలో గోళ్లు కొరుక్కుంటూ కూర్చోవాలి. ఆ కూర్చోవడం చూడలేకే నేను వర్చువల్ కన్సోళ్లను నా ప్రాజెక్టుగా తీసుకున్నాను. ఉన్న ఒక్క తెరనూ, ఒక్క కీబోర్డునూ వేర్వేరు తెరల్లా వాడుకోవడమన్నమాట. ఆల్ట్ కీ పట్టుకుని ఎఫ్-టూ నొక్కితే నా పని వెనక్కి జరిగి అక్కడే నడుస్తూ ఉంటుంది, ఎదుటికి వదిన తెర వస్తుంది. ఎఫ్-వన్ నొక్కితే మళ్లీ నాది.

పని సాగుతున్నకొద్దీ నాకు ఒకటే బెంగ. ఒకరి తెర కోసం కొట్టిన అక్షరాలు రెండోవాళ్ల తెరలో పడి ఏ ఫైలునో తుడిచిపెడితే? అందుకని తెర మారే ఆ కాస్త సేపట్లో కీబోర్డునుంచి ఏది వచ్చినా పారేయమని కోడ్‌లో రాసుకున్నాను. ఎంత పరీక్షించినా తప్పు కనబడలేదు.

ప్రాజెక్టు చూపించాల్సిన రోజు రానే వచ్చింది. మొండాకు వచ్చే ధాన్యాన్ని ఊళ్లవారీగా విడదీసి చూపించే వదిన ప్రోగ్రాంలో చివరి భాగం అప్పటికీ మిగిలే ఉంది. మధ్యాహ్నం పరీక్షకులు వస్తారు, పన్నెండింటికి రోజూలాగే కరెంటు పోతుంది. పొద్దుటినుంచీ తల ఎత్తకుండా టైపు చేసి దాన్ని ముగించిన వదిన, నా కంపైల్ అయిందో లేదో చూసి, మళ్లీ తన తెరకు వచ్చి కీలు కొట్టింది. ఒక్క అక్షరం పడలేదు.

"ఏమైందే గిది? ఎంత కొట్టినా అస్తలేదు," అంది వదిన.

"నువ్వు దేన్నీ ముట్టకు వదినా. సేవ్ చేసినవా?"

"యాడ చేసిన? పొద్దుటిసంది రాసిందంతా గా తెరమీదనే ఉన్నది."

తెరమీద ఆవిడ రాసిందంతా కళ్లెదుటే ఉంది, దాన్ని డిస్కులోకి పంపే దారే లేదు. ల్యాబు చూసుకునే సారు గడియారం చూసుకుంటూ వచ్చి, కరెంటు పోతే డిస్కు పాడవుతుందనీ, ఆలోగా మనమే ఆపేయడం మంచిదనీ చెప్పి, మరాఠీలో "చలా, బంద్ కరా," అంటూ స్విచ్చు మీద చెయ్యి వేశారు. వదిన ఆయన చేతికి అడ్డుపడి, "థాంబా సర్, దోన్ మినిట్," అని రెండు నిమిషాలు ఆగమని బతిమాలుతూనే, నా తెరకైనా వెళ్లి చూద్దామనుకుందేమో, ఆ కంగారులో ఎఫ్-వన్ ఒక్కటే నొక్కింది. తెర మారింది.

"వదినా, ఆల్ట్ నొక్కినవా నువ్వు?"

"లేదే. ఉత్త ఎఫ్-వన్నే."

అప్పుడు వెలిగింది నాకు. ధర్మాబాద్‌లో పుట్టింట ఉన్నప్పుడే వేగంగా టైపు చేయడం నేర్చిన వదిన చేతులు, తెర ఇంకా మారుతుండగానే ఆల్ట్‌ను వదిలేశాయి. ఆ వదిలిన కబురును కూడా నా కోడ్ పారేసింది. ఆల్ట్ ఇంకా నొక్కే ఉందనుకుంటూ సిస్టమ్ మిగతా అక్షరాలన్నిటినీ కాదంటోంది. రెండు వేళ్లతో వెతుక్కుంటూ కొట్టే నాకు ఆ తప్పు కనబడే అవకాశమే లేదు. ఆల్ట్ నొక్కి వదిలాను. వదిన తెరకు తెచ్చి, మెల్లగా వేలు తీసి, ఒక అక్షరం కొట్టాను. పడింది. సేవ్ చేసి, డిస్కు దీపం ఆరేదాకా ఇద్దరం ఊపిరి బిగబట్టి, పద్ధతి ప్రకారం మెషీను ఆపేశాం. కాసేపటికే పైన ఫ్యాను ఆగిపోయింది.

తప్పు ఎక్కడుందో చెప్పి నేను క్షమించమని అడగబోతే వదిన కళ్లు తుడుచుకుంటూ, "నువ్వు వేలు మెల్లగ ఎత్తుతవ్, నేను జల్ది ఎత్తుత. గంతే గదా," అని నవ్వింది.

మధ్యాహ్నం కరెంటు వచ్చాక ఆ ఫైలు తెరుచుకునేదాకా నా ప్రాణం నా దగ్గర లేదు. తెరుచుకుంది. వదిన గట్టెక్కింది, తరువాత చాలా ఏళ్లు పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పింది. అమ్మే ఆ సంగతి ఊరంతా చెప్పుకుని మురిసిపోయింది.

ఇప్పుడు మా ఇంట్లో ఎవరి తెర వాళ్లది, ఎవరి తలుపు వాళ్లది. ఒకరి పని అయ్యేదాకా ఒకరు కాచుకునే అవసరం లేదు. మంచిదే. అయితే ఆ ఏడాది కీల చప్పుడును బట్టే వదిన ఎక్కడ తడబడుతోందో, ఎక్కడ ఆలోచిస్తోందో, ఎప్పుడు ఆకలి వేసి ఆగిందో చెప్పగలిగేదాన్ని. ఈమధ్య ఆవిడ పక్క గదిలో ఉండీ చాలాసేపు చప్పుడు వినబడకపోతే, నిద్రపోయిందో, ఏదైనా బెంగ పెట్టుకుందో తెలియక, ఫోను చేసి అడుగుతున్నాను.