వైద్యర్ ఇంటి డెబ్భైమూడు పేర్లు

మదురై దిక్కున ఉన్న కంబంలో బస్సెక్కి పెరుమాళ్సామిపట్టికి టికెట్టు అడిగేవాళ్ళలో ఆ పెరుమాళ్సామి ఎవరో తెలిసినవాళ్ళు ఇప్పుడు పదిమంది కూడా ఉండరు. ఆయన మా తాత. విరిగిన ఎముకలకు కట్టు కట్టే నాటు వైద్యుడు, జనం నోట్లో 'వైద్యర్'. ద్రాక్షతోటలు రాకముందు, ఇక్కడ నాలుగు గుడిసెలూ వరిపొలాలూ తప్ప ఏమీ లేని రోజుల్లో, లోయ నలుమూలల నుంచీ జనాన్ని బండ్లమీద ఆయన దగ్గరికి మోసుకొచ్చేవారు. బస్సు వచ్చాక కండక్టర్లు "పెరుమాళ్సామి ఇల్లు దిగేవాళ్ళు ఎవరు?" అని కేకేసేవారట. ఆ కేకే పోనుపోను ఊరి పేరయింది. ప్రతి పెళ్ళిలోనూ ఈ కథ చెప్పి నేను జనం ప్రాణాలు తీస్తుంటాను.

అన్నిసార్లు చెప్పినా మా మేనత్త చెన్నమ్మాళ్ సంగతి ఎత్తేవాణ్ణి కాదు. ఎవరూ ఆపలేదు. నాకే తోచలేదు.

అత్తను పదిహేనో ఏట సూలూరు ఇచ్చారు. రెండేళ్ళయినా కడుపు పండలేదని పుట్టింట దించేసి, మొగుడు మరో పెళ్ళి చేసుకున్నాడు. వచ్చిన మర్నాటి నుంచే అత్త తాత పక్కన కూర్చుని మినుములు రుబ్బింది, గుడ్డు సొన కలిపింది, వెదురు దబ్బలు చెక్కింది. తాతకు చేతులు వణకడం మొదలయ్యాక కట్టు కట్టింది ఆమే. తాత అరుగు మీద కూర్చుని రోగిని మాటల్లో పెట్టేవాడు. అతను బదులు చెప్పేలోపు అత్త ఎముకను సర్దేసేది. వాళ్ళు మాత్రం తాత కాళ్ళకు మొక్కి, హస్తవాసి అంటే వైద్యర్‌దే అనుకుంటూ పోయేవారు. తొమ్మిదో ఏట నేను బండి మీంచి పడి విరగ్గొట్టుకున్న కుడిచేతిని అతికించింది కూడా అత్తే. తాత పోయాక యాభై ఏళ్ళూ ఆ ఇంటి ముందు రోగులు తగ్గలేదంటే అది ఆమె చలవే. ఆమెకు ఇప్పుడు ఎనభై ఎనిమిది.

రెండేళ్ళ కిందట ఊరి మొదట్లో ఆర్చి కట్టారు. దాని కింద నల్లరాతి మీద వైద్యర్ వంశవృక్షం చెక్కించాలని మా దాయాదులందరూ తీర్మానించి, రిటైరైన హెడ్మాస్టరును కదా అని పని నాకు అప్పగించారు. నాకు ఒళ్ళు పొంగిపోయింది. మూడు నెలలు మదురైకీ కోయంబత్తూరుకీ బస్సుల్లో తిరిగి డెబ్భైమూడు పేర్లు పోగుచేశాను. నాలుగు నెలల మగబిడ్డ పేరు కూడా వదల్లేదు. మాలో ఒక ఆచారం ఉంది. వంశవృక్షంలో ఇంటికొచ్చిన కోడళ్ళుంటారు, ఇంట్లో పుట్టిన ఆడపిల్లలుండరు. వాళ్ళ పేర్లు మెట్టినింటి వాళ్ళు రాసుకోవాలి.

రాయి చెక్కడం మొదలుపెట్టాక ఒకరోజు అత్త నన్ను పిలిపించింది.

"ఏమిరా మోహనూ, మా నాయన పేరు కింద నా పేరుండాదా?"

"ఆడబిడ్డల పేరు ఏసే వళక్కం లేదు గదత్తా. మెట్టినింటోళ్ళు ఏస్తారు."

"సూలూరోళ్ళు ఏసినారా?"

పేర్ల కోసం కోయంబత్తూరు పోయినప్పుడు, పక్కనే కదా అని నేను పదిహేను రోజుల ముందే సూలూరు వెళ్ళాను. వాళ్ళ వంశం పుస్తకం చూశాను. ఆయన పేరు పక్కన రెండో భార్య పేరొక్కటే ఉంది. ఆ మాట అత్తతో అనడానికి నోరు రాలేదు. నిజం చెప్పాలంటే, లేదంటే ఈ రాతి మీద వెయ్యమంటుంది, దాయాదులతో పేచీ వస్తుంది, ఆ తలనొప్పి నాకెందుకనుకున్నాను.

"ఏసినారత్తా. నేనే చూస్తిని" అన్నాను.

"రెండేండ్లు ఉండినదానికి ఏసినారా!" అంది అత్త. "మంచోళ్ళేరా."

డెబ్భై ఏళ్ళలో ఆ ఇంటివాళ్ళ గురించి ఆమె నోట మంచిమాట వినడం అదే మొదలు. ఆ మురిపెం చూసి, పోనీలే, మేలే చేశాను అనుకున్నాను. నా తెలివి అలా తగలడింది.

ఆర్చి ప్రారంభానికి కోయంబత్తూరు నుంచి మా తమ్ముడి కూతురు నిత్య వచ్చింది. అత్త ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, సూలూరు పుస్తకంలో తన పేరున్న పేజీని ఫోన్లో ఫోటో తీసి తెమ్మని అడిగింది. నిత్య ఆ ఆదివారమే వెళ్ళింది. అక్కడి నుంచే నాకు ఫోన్ చేసింది.

"పెద్దనాయనా, ఈడ అవ్వ పేరు లేదు. మీరు చూసే పోయినారంట!"

"అవ్వకు చెప్పొద్దు కన్నూ. వయసయినామె."

"నేను అబద్దం చెప్పను పెద్దనాయనా. మీ రాతి మీద నా పేరూ లేదు, తెలుసునా?" అని పెట్టేసింది.

చెప్పనే చెప్పింది. మర్నాడు నేను వెళ్ళేసరికి అత్త మునగాకు దూస్తోంది. రేపే మేస్త్రీని పిలిపించి పేరు చెక్కిస్తానన్నాను, ఎవడడ్డొస్తాడో చూస్తానన్నాను.

"వద్దురా. లేదని చెప్పుంటే ఒగ దినం ఏడ్చి ఊరకుందును. ఉండాదని చెప్తివి. పది దినాలు ఆ సంతోషంలోనే నిద్రపోతిని రా." ఆకు దూయడం ఆపలేదు. నాకు ఏడుపొచ్చింది. ఆమెకు రాలేదు, అది చూసే నాకు భయం వేసింది.

అప్పటి నుంచి అత్త కట్టు కట్టడం మానేసింది.

పోయిన నెలలో నేను ఆర్చి దగ్గర టీ తాగుతుంటే ద్రాక్షతోటలో కూలికి పోయే రామాయి వచ్చింది. పందిరి మీంచి పడి మణికట్టు వాచిపోయింది. చెయ్యి గుండెకు ఆనించుకుని రాతి ముందు నిలబడి పైనుంచి కింది దాకా ఒక్కొక్క పేరే చదువుతోంది.

"ఏమమ్మా, అత్త చూడలేదా?" అని అడిగాను.

"తాను వైద్యర్ ఇంటిది కాదంట సార్. ఆ ఇంటోళ్ళ పేర్లు రాతి మీద ఉండాయి, వాళ్ళ దగ్గర కట్టించుకో పొమ్మనింది. వీళ్ళల్లో కట్టు కట్టేది ఎవురు సార్?"

"ఎవరూ లేరమ్మా" అన్నాను.

రామాయి నా ముఖంలోకి చూసింది. "అట్లయితే ఇంతమందిని ఎందుకు సార్ రాసినారు?" అంది.