పటాలు వేసిన బావి

2009 జూన్ 14, ఆదివారం, నాగర్‌కర్నూల్. పొద్దున్నే మన గల్లీలోని పాడుబడ్డ ఇంటి తలుపు తెరిచి ఉండడం చూసి ఆగిపోయాను. ఆ ఇంటిని అంగన్‌వాడీకి ఇచ్చారట, లోపల ముళ్లకంప కొట్టేస్తున్నారు. గబ్బిలాల కంపు, పాత సున్నం వాసన గుప్పుమన్నాయి.

యాదుందా దోస్తులూ, ఆ ఇంటి వెనకాల ఎండిపోయిన బావి? పగిలిన దేవుడి పటాలను చెత్తలో వేయకూడదని మన అమ్మలు అందులో వేసేవాళ్లు. అందుకే మన చిన్నప్పుడు ఒక ఎండాకాలం బావి పూడ్చడానికి వచ్చినవాళ్లను తిప్పి పంపారు. ఆ ఎండాకాలమే దాగుడుమూతలు ఆడుతూ మన రజియా అందులో పడి చనిపోయింది. తర్వాత కూడా పూడ్చలేదు, పైన ఒక రేకు కప్పారు.

ఇవాళ ఆ బావిలో మట్టి పోయబోతున్న మేస్త్రీని మా పెద్దమ్మ ఆపింది. "దేవుళ్ల మీద మట్టి పోస్తవారా? కండ్లు పోతయ్!"

"బావి గిట్లుంటే పిల్లలనెట్ల తోలుతరు పెద్దమ్మా?" అన్నాడు మేస్త్రీ.

పెరటి గడప దగ్గర నిలబడ్డ రజియా అమ్మ మెల్లగా అంది: "అక్కా, గా ఎండకాలం గూడ నువ్వు గిదే మాటన్నవ్."

పెద్దమ్మ మేస్త్రీకి అడ్డం నుంచి పక్కకు జరిగింది. "పటాలు తీసి కృష్ణల కలుపుదాం, ఎన్క పూడ్చుండ్రి" అంది.

రేపు పొద్దున ఆరింటికి మేస్త్రీ బావిలోకి దిగుతాడు. మేము పైనుంచి బుట్ట లాగి, పటాలను బస్సులో కృష్ణ ఒడ్డున ఉన్న సోమశిలకు తీసుకెళ్తాం. బుట్టలో వచ్చే ప్రతిదీ ముందు తనకే చూపించమంది రజియా అమ్మ. ఆ రోజు రజియా చెప్పు ఒకటి దొరకలేదట.