వెనక్కి వచ్చిన పన్నెండు స్లైడ్లు

మొన్న, ఒకప్పుడు నా దగ్గర పని నేర్చుకున్న అమ్మాయి నా ఫోనుకు ఒక ఫోటో పంపింది. పెద్ద వేదిక, వెనక తెర, మెళ్ళో పేరు రాసిన కార్డు, చేతిలో మైకు. సాఫ్ట్‌వేర్ నాణ్యత మీద ఏటా జరిగే సదస్సుకు తన ప్రెజెంటేషన్ ఎంపికైందట, అంతా మీ చలవే మేడమ్ అని కింద రాసింది. సంతోషించాను, అబద్ధమెందుకు చెప్పాలి. అయినా ఫోను బోర్లా పెట్టేసి, పొయ్యి మీద పాలు పొంగేదాకా వంటింట్లో ఊరికే నిలబడ్డాను. ఆ సదస్సుకు నేనూ ఒకసారి పంపాను. ఆ సంగతి పూర్తిగా ఇంతవరకూ ఎవరికీ చెప్పుకోలేదు.

మన వయసు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, కంప్యూటర్ నేర్చుకుంటే చాలు బతుకు గట్టెక్కినట్టేనని ఇంటింటా అనుకున్న రోజులు. అలా నేర్చుకునే నేను టెస్టింగులో పడ్డాను. ఇంకొకరు రాసిన ప్రోగ్రాములో తప్పులు వెతికి పట్టుకోవడం నా పని. తప్పులు పట్టడానికి జీతం కూడానా, మీ మేనత్త ఊరికే పడుతుందిగా అని మా పిన్ని నవ్వేది. మా వారు పోయాక నాకూ, చదువుకుంటున్న మా అమ్మాయికీ ఆ ఉద్యోగమే ఆధారమైంది. కరోనా వచ్చి అందరినీ ఇళ్ళ నుంచే పని చేయమన్నప్పుడు హైదరాబాదులో అద్దె ఇల్లు ఖాళీ చేసి నూజివీడులో నాన్నగారి దగ్గరకు వచ్చేశాను. ఆయనది మామిడికాయల వ్యాపారం. కింద కొట్టు, పైన ఇల్లు. ఆ ఇంట్లో వీధివైపు గదే నాకు ఆఫీసైంది.

రెండో వేసవిలో మా మేనేజరు ఫోన్ చేశాడు. నాకంటే పదేళ్ళు చిన్నవాడు, మనసున్నవాడే. చేత్తో పరీక్షించే వాళ్ళను తగ్గిస్తున్నారనీ, తీసేసేవాళ్ళ జాబితాలో నా పేరు ఉందనీ, ఆ సదస్సులో గనక నా ప్రెజెంటేషన్‌కు చోటు దొరికితే దాన్ని పైవాళ్ళకు చూపించి నన్ను నిలబెట్టగలననీ చెప్పాడు. "ఇదొక్కటే దారండి మేడమ్, ఎలాగైనా పంపించండి" అన్నాడు. గడువు పన్నెండు రోజులు. యాభై దాటిన మనిషిని ఇంకో కంపెనీ గుమ్మం ఎక్కనిస్తుందా?

మొదటి వారం ఒక్క స్లైడు కూడా కుదరలేదు. రాయడం, చెరపడం, మళ్ళీ రాయడం. కింద పెట్టెలకు మేకులు కొడుతున్న చప్పుడు ఒక్కొక్కటీ నా నెత్తి మీదే పడుతున్నట్టుండేది. ఎన్నో ఏళ్ళుగా చేసిన పని గురించి పది వాక్యాలు రాయలేకపోతున్నానే అన్న దిగులుతో అన్నం సయించక, కాలుగాలిన పిల్లిలా వరండాలో తిరుగుతుంటే, ఎనభై ఏళ్ళ నాన్నగారు చూసి చూసి సంగతేమిటని అడిగారు. చెప్పాను. సగం అర్థమై ఉంటుంది. అయినా ఏమాత్రం తడుముకోకుండా, "దీనికింత బెంగెందుకమ్మా, మన కొట్లో కాయ ఎలా చూస్తామో అదే రాయి" అన్నారు.

వరసగా మూడు సాయంత్రాలు కూర్చుని చెప్పారు. కాయను మూడుసార్లు చూస్తారట, కోసి, గెడకు కట్టిన వలసంచి చిక్కంలోంచి తీసేటప్పుడు ఒకసారి, కుప్ప పోసినప్పుడు ఒకసారి, పెట్టెలో సర్దేటప్పుడు ఆఖరుసారి. దెబ్బతిన్న రసం కాయను చెట్టు దగ్గరే ఏరేస్తే పోయేది ఆ ఒక్క కాయే, పెట్టెలోకి వెళ్ళనిస్తే ఊరు దాటేలోగా పక్క కాయల్నీ పాడు చేస్తుంది. చిన్నప్పటినుంచీ నా కళ్ళ ముందు జరిగినదే, ఏనాడూ పట్టించుకోలేదు. మా ఆఫీసులో మేం చేసేదల్లా ఆ ఆఖరు చూపొక్కటే కదా, అంతా అయ్యాక మా ముందు పెట్టి తప్పులు వెతకమంటారు కదా! ఆ మాట పట్టుకునేసరికి చేయి ఆగలేదు. పన్నెండు స్లైడ్లు అయ్యాయి. నిజంగా బాగున్నాయి, ఇప్పుడు చూసుకున్నా బాగానే అనిపిస్తాయి.

ఫోటోలు కావాలంటే నాన్నగారికి పండగైంది. అందరూ ప్లాస్టిక్ ట్రేలకు మారినా ఆయన చెక్కపెట్టెలు వదల్లేదు. ఒక పెట్టెను అరుగు మీదకు తెప్పించి, కండువాతో దుమ్ము దులిపి, అటు తిప్పి ఇటు తిప్పి సరిగ్గా నాకెదురుగా నిలబెట్టి, ఆయన మాత్రం పక్కకు తప్పుకున్నారు.

ఆ సదస్సు వాళ్ళకొక నియమం ఉంది. పరిశీలించేవాళ్ళకు పంపిందెవరో తెలియకూడదు, అందుకని స్లైడ్లలో ఎక్కడా మన పేరు గానీ కంపెనీ పేరు గానీ ఊరి పేరు గానీ ఉండకూడదు. తప్పులు పట్టే ఉద్యోగం కదా, స్లైడ్లన్నీ మూడుసార్లు వెతికాను, ఫైలు లోపల కంటికి కనబడకుండా ఉండే పేరు కూడా తీసేశాను.

పంపాల్సిన రోజు మధ్యాహ్నం గాలివాన లేచింది. తోటల్లో కాయ రాలిపోతోందని కింద అందరూ గోల పెడుతుంటే పైన నాకు కరెంటూ పోయింది, నెట్టూ పోయింది. గడువు సాయంత్రం ఆరింటికి. ల్యాప్‌టాపు పాలిథిన్ సంచిలో చుట్టి, ఆటో మాట్లాడుకుని, దారికి అడ్డంగా పడ్డ కొమ్మల పక్కనుంచి హైవే మీదున్న హనుమాన్ జంక్షన్ చేరేసరికి అయిదు దాటింది. ఇన్వర్టర్ ఉన్న ఒక టిఫిన్ హోటల్లో కూర్చుని, ఫోను సిగ్నలుతో ఎక్కిద్దామంటే ఫైలు బరువుగా ఉందని ఎక్కలేదు. ఫోటోలు ఒక్కొక్కటే తీసేశాను. నాన్నగారు తుడిచి నిలబెట్టిన పెట్టె ఒక్కటి మాత్రం తీయబుద్ధి కాలేదు. ఆరుకు పది నిమిషాలుందనగా చేరిందన్న మాట తెర మీద కనబడింది. అంతమంది లారీ డ్రైవర్ల మధ్య కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

ఆ తర్వాత మూడు వారాలు ఎలా గడిచాయో దేవుడికే తెలియాలి. కబురొచ్చిందా అమ్మా అని నాన్నగారు రోజూ కాఫీ వేళకు అడిగేవారు. చివరికి వచ్చిన ఉత్తరం నాలుగే వాక్యాలు. ఏడో స్లైడులోని బొమ్మ పంపినవారి గుర్తింపును తెలియజేస్తున్నందున పరిశీలనకు తీసుకోలేకపోతున్నామని రాశారు. అంటే చదవను కూడా చదవలేదు. ఏడో స్లైడు తెరిచి ఎంతసేపు చూసినా నాకు పెట్టె తప్ప ఏమీ కనబడలేదు. ఆ తర్వాత కనబడింది. ఎర్ర సిరాతో, జానెడు అక్షరాలతో మా ఇంటిపేరు, నాన్నగారి పేరు, కింద నూజివీడు. పెళ్ళయినా నేను మార్చుకోని ఇంటిపేరు. పుట్టినప్పటినుంచీ చూస్తున్న ముద్ర కాబట్టి అది నాకు ఏనాడూ అక్షరాల్లా కనిపించలేదు, చెక్కలాగా మేకులాగా పెట్టెలో భాగమే అనుకున్నాను. నాన్నగారికైతే పేరున్న వైపు గోడకు పెట్టి పెట్టెను నిలబెట్టడం ఒంట్లోనే లేదు.

బతిమాలుకున్నాను. ఆ బొమ్మ తీసేయడం ఒక్క నిమిషం పనండీ, నా ఉద్యోగం దీని మీదే ఉందండీ అని సిగ్గు విడిచి మూడు ఉత్తరాలు రాశాను. నియమం అందరికీ ఒక్కటేనని, వచ్చే ఏడు తప్పక పంపమని ఎంతో మర్యాదగా జవాబిచ్చారు. వాళ్ళది తప్పు కాదు. మేనేజరు సారీ మేడమ్ అన్నాడు. రెండు వారాల్లో కంపెనీ ఇచ్చిన ల్యాప్‌టాపు కొరియర్లో వెనక్కి పంపేశాను.

నాన్నగారికి ఏమని చెప్పను? మీ పేరు వల్లే పోయిందని, ఆ పేరు తప్ప ఇంకేదీ గొప్పగా చెప్పుకోని మనిషితో ఎలా అనను? నచ్చలేదట నాన్నగారూ, బాగా లేదన్నారు అని చెప్పేశాను. ఆయన నన్ను ఓదారుస్తారనుకున్నాను. కానీ ఆయన, "బాగా లేకపోతే వెనక్కే పంపుతారమ్మా, కొనేవాళ్ళని అనకూడదు. ఎక్కడ పొరపాటు చేశావో చూసుకో" అన్నారు. ఎనభై ఏళ్ళూ అదే న్యాయంతో బతికిన మనిషి, కన్నకూతురికి వేరే తూకం పెడతారా?

ఇప్పుడు ఆ కొట్టు సెల్‌ఫోన్లు అమ్మేవాళ్ళకు అద్దెకిచ్చాం. ప్రోగ్రాముల్ని ప్రోగ్రాములే పరీక్షించుకుంటున్నాయట, నాలాంటి వాళ్ళ అవసరం దాదాపు తీరిపోయింది. నేను ఇక్కడే ఇంటర్ పిల్లలకు కంప్యూటర్ చెప్పుకుంటున్నాను, మా అమ్మాయి ఉద్యోగంలో కుదురుకుంది, రోజులు బాగానే వెళ్తున్నాయి. ఉద్యోగం పోయిన బాధ ఎప్పుడో తగ్గిపోయింది. తగ్గనిది ఇంకొకటుంది. నాన్నగారు మంచం పట్టిన ఆఖరి నెలలో, సూది మందు ఇవ్వడానికి వచ్చే నర్సమ్మతో నా గురించి ప్రేమగా, నవ్వుతూనే అన్నారు, "మా అమ్మాయి తెలివైందేనండీ, కాకపోతే పని మీద కాస్త శ్రద్ధ తక్కువ." ఆవిడ నా వంక చూసింది. అవును నాన్నగారూ అని, మాత్ర ఆయన చేతిలో పెట్టి మంచినీళ్ళ గ్లాసు అందించాను.