పర్సోం చూసిన ఛార్జింగ్

ఆ రోజుల్లో అంటే మరీ రాజుల కాలం అనుకోకండి, కొన్నేళ్ల కిందటి మాటే. కానీ కరెంటు కార్ల విషయంలో కొన్నేళ్లంటే ఒక యుగం. అప్పుడు నాకు బేగంపేటలో కొత్త ఉద్యోగం, సైనిక్‌పురిలో పెద్దమ్మ ఇంట్లో మకాం, ఆ ఇంటి ముందు నా కొత్త కరెంటు కారు. ఊరు దాటాలంటే ఛార్జింగ్ ఎక్కడ దొరుకుతుందో ముందే ఆరా తీయాలి. ఉందని ఒక యాప్ చెబుతుంది, తీరా వెళితే అక్కడ ఇడ్లీ బండి ఉంటుంది. దేవుణ్ణి తలచుకోవలసినన్ని సార్లూ నేను బ్యాటరీ శాతాన్నే తలచుకునేవాణ్ణి.

పెద్దమ్మకు ఒకటే కోరిక. మా పెద్దనాన్న మిలిటరీలో ఉన్నంతకాలం మంచుకొండల కబుర్లు చెప్పి, రిటైరయ్యాక తీసుకుపోతానని ఊరించి, ఆ మాట నిలబెట్టుకోకుండానే కన్నుమూశాడు. ఇప్పుడేమో ఆమెకు మోకాలి ఆపరేషన్ దగ్గరపడింది. ఆ తర్వాత ఎప్పటికి కదలనిస్తారో తెలియదు. "కశ్మీర్ గిశ్మీర్ వద్దు బిడ్డా. గా లంబసింగిల చలికాలం మంచు కమ్ముతదంట గద, పొద్దుగాల జెర సేపు నిలబడి చూసొస్త," అంది. నన్ను పెంచి చదివించిన మనిషి, ఎన్నడూ ఏదీ అడిగి ఎరగదు. ఎలాగైనా ఆమెకు ఆ మంచు చూపించాలని ఆ రోజే ప్లాను వేయడం మొదలుపెట్టాను.

సూర్యాపేటలో ఒకసారి, విజయవాడలో ఒకసారి, రాజమండ్రిలో ఒకసారి ఛార్జింగ్ పెట్టుకుంటే అక్కడిదాకా ఢోకా లేదు. చిక్కంతా ఆ తర్వాతే. ఘాట్ రోడ్డు ఎక్కుడుకీ చలికీ బ్యాటరీ ఎంత కరిగిపోతుందో ఎవరూ సరిగ్గా చెప్పలేదు. కొండ ఎక్కబోయే ముందు ఇంకొక్క చోటు దొరకాలి. అప్పుడు ఆదుకున్నాడు మా వీధిలో ట్రావెల్స్ నడిపే మామూ. ఒకప్పుడు టూరిస్టు బస్సు మీద ఆ దారులన్నీ తిరిగినవాడు. "ఛార్జింగ్ కోసం పరేషాన్ ఎందుకు బేటా? కొండ కింద రోడ్డు మీదనే ఉంది. ఇంత పెద్ద బోర్డు. పర్సోం నేనే నా కండ్లతోటి చూసిన," అన్నాడు. పర్సోం అంటే మొన్న. మొన్న చూసినవాడు చెప్పాక ఇక యాప్‌లెందుకని నిశ్చింతగా బయల్దేరాను.

దారిలో కరెంటు ఆదా చేయాలని ఏసీ ఆపేశాను. (చలికాలమే అయినా విజయవాడ మధ్యాహ్నానికి ఆ సంగతి తెలియదు.) పెద్దమ్మ కొంగుతో విసురుకుంటూ కూర్చుంది. ఆగిన ప్రతిచోటా సర్వపిండి డబ్బా తెరిచేది, పక్క కారువాళ్లకూ పెట్టేది. "బండి కన్నా మనమే ఎక్కువ ఛార్జింగ్ అయినం," అని నవ్వేది.

దీపాలు పెట్టే వేళకు కొండ కిందికి చేరాం. మామూ చెప్పిన చోటే బోర్డు ఉంది, మామూ చెప్పినంత పెద్దదే. 'ఇచ్చట బ్యాటరీలు ఛార్జింగ్ చేయబడును.' దాని వెనక రేకుల షెడ్డు, షెడ్డులో వరసగా లారీ బ్యాటరీలు. షాపాయన కారు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, "బ్యాటరీ ఊడదీసి ఇచ్చేసి వెళ్లండి బాబూ, రేపు సాయంత్రానికి ఎక్కిపోద్ది," అన్నాడు. కారు అడుగంతా బ్యాటరీయేనని, ఊడదీయడం కుదరదని చెప్పాను. "అయితే కారే ఇచ్చేసి వెళ్లండి," అన్నాడు ఏమాత్రం తొణక్కుండా.

మామూకి ఫోన్ చేశాను. "పర్సోం అంటే ఎప్పుడు మామూ?"

"పర్సోం అంటే పర్సోమే బేటా. మా చిన్నోని షాదీకి ముందు."

ఆ చిన్నోడి కూతురు అప్పటికే బడికి పోతోంది. సికింద్రాబాద్‌లో పుట్టి పెరిగినవాణ్ణి, మా ఊళ్లో పర్సోం అంటే నిన్న తప్ప గడిచిన కాలమంతా అని ఆ క్షణం దాకా నాకు తట్టలేదు.

షాపు ప్లగ్గుకు కారు తగిలిస్తే మర్నాడు మధ్యాహ్నానికి గాని కొండెక్కేంత ఛార్జింగ్ రాదు. అప్పటికి మంచు ఉండదు. ఆ రోజే తిరుగు ప్రయాణం, ఆ వెంటనే ఆస్పత్రి. పెద్దమ్మ మసకలో కొండవైపు చూసి, "పోనీ బిడ్డా, కొండైతే కనబడుతది గద," అంది. నాకు ఏడుపొక్కటే తక్కువ. ఆ మాట విన్న షాపాయన, "మా ఆవిడ పుట్టిల్లు పైనేనండి. పొద్దున్నే మా అల్లుడి జీపులో వెళ్లొస్తాది. పక్కన ఒక్క మనిషికి చోటుంది," అన్నాడు.

"నిన్నిడిచిపెట్టి నేనొక్కదాన్నే పోయి ఏం చూస్త?" అని పెద్దమ్మ మొరాయించింది.

"నువ్వు పో పెద్దమ్మా. బండి కాడ నేనుంట," అన్నాను.

తెల్లవారుజామున ఆమె జీపెక్కింది. నేను లారీ బ్యాటరీల మధ్య స్టూలు మీద కూర్చుని, నా కారు శాతం ఒక్కొక్కటే ఎక్కడం చూస్తున్నాను. షాపాయన టీ ఇచ్చినప్పుడల్లా "ఎంతయిందండి?" అని బాలింత దగ్గరికి వచ్చిన చుట్టంలా పరామర్శించేవాడు.

ఎండ ముదరకముందే జీపు దిగింది. పెద్దమ్మ శాలువా తడిసి ఉంది, జుట్టు నిండా సన్నటి చుక్కలు. ఎట్లుందని నేను అడిగేలోపే రెండు అరచేతులూ నా చెంపలకు ఆనించింది. మంచుగడ్డల్లా ఉన్నాయి. "దారంత చేతులు జీపు బయట పెట్టుకొనొచ్చిన. గా షాపామె లోపట పెట్టుకొమ్మన్నది, నేను వినలే. నీకు సుత జెర తేవాలె గద," అంది.

ఇప్పుడు ఆ దారంతా ఛార్జర్లే. నేనూ తర్వాత రెండుమూడుసార్లు పైకెళ్లి, ఆ తెల్లటి మంచులో నిలబడి ఫొటోలు దిగాను. బాగానే ఉంటుంది. కానీ చలి అంటే నాకు రేకుల షెడ్డే గుర్తొస్తుంది. పెద్దమ్మ చేతుల మధ్య మొహం పెట్టుకుని, కళ్లు తడిసింది ఆమెకు కనబడకుండా, ఇంకా బ్యాటరీ శాతమే చూస్తున్నట్టు నటించిన ఆ కుర్రవాడు గుర్తొస్తాడు. ఎంత శాతం ఉందో వాడికి ఒక్క అంకె కూడా కనబడలేదు.